ఖాతాలోకి సొమ్ము రావడానికి సంతకం అక్కరలేదు

పాలు పోయడంతో పాడి పని ముగియదు. పోసిన పాలకు సొమ్ము చేతికందినప్పుడే ముగుస్తుంది. ఈ మాట మన సంఘ సభ్యులకు కొత్త కాదు. కొలతలో తేడా వచ్చినా, వెన్న శాతం ఒక పాయింటు తగ్గించి రాసినా అక్కడికక్కడే నిలదీయగల సభ్యులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. తెల్లవారుజామున కేంద్రం వద్ద క్యాను పట్టుకొని నిలబడే అమ్మలు, పరీక్ష యంత్రం మీద అంకె కనబడి చీటీ చేతికి వచ్చే దాకా అడుగు కదపరు. అంతటి జాగ్రత్త గలవారే, ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలో పడిన తర్వాత, ముక్కూ మొహం తెలియని మనిషి ఫోనులో నాలుగు తీపి మాటలు చెప్పగానే దానిని పోగొట్టుకుంటున్నారు. సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడల్లా ఇటువంటి కథ ఒకటైనా మా చెవిన పడుతున్నది. అందువలన ఈ సంచికలో ఆ విషయాన్ని కాస్త విపులంగా వివరించదలచాము.

పూర్వం పాల బిల్లు పది రోజులకో పదిహేను రోజులకో కేంద్రంలోనే నగదుగా పంచేవారు. కార్యదర్శి బల్ల ముందు వరుసగా నిలబడి, చెల్లింపు రిజిస్టరులో తన పేరు ఎదుట సంతకమో వేలిముద్రో వేసి, నోట్లు లెక్కపెట్టుకొని కొంగున ముడి వేసుకోవడం ఆనవాయితీ. 2016లో యూపీఐ చెల్లింపులు మొదలయ్యాయి. అదే ఏడాది నవంబరులో పెద్ద నోట్లు రద్దయిన తర్వాత పలు సంఘాలలో పాల సొమ్ము నేరుగా ఖాతాలకు వేయడం పెరిగింది. ఈ మార్పు మంచిదే. పంపిణీలో చిల్లర లేదనే పేరిట జరిగే కోతలు తగ్గాయి. గేదెకు అప్పు అడిగితే బ్యాంకు వారికి చూపించడానికి ఒక ఆధారం ఏర్పడింది. తిరిగి నగదుకు పోదామని మేము చెప్పడం లేదు.

అయితే ఆ పాత అలవాటు ఒకటి మన మనసులో నిలిచిపోయింది. సొమ్ము తీసుకోవాలంటే సంతకం పెట్టాలి, వేలిముద్ర వేయాలి అన్నది ఆ అలవాటు. రెండు మూడు తరాలుగా అలాగే తీసుకున్నాము గనుక, ఫోనులో ఎవరైనా "మీకు సొమ్ము వస్తుంది, ఈ అంకెలు నొక్కండి, ఇక్కడ వేలు పెట్టండి" అంటే అది సబబుగానే తోస్తుంది. మోసగాడు పట్టుకున్న కిటుకు ఇదే. ఇప్పటి పద్ధతి పూర్తిగా తిరగబడి ఉన్నది. మీ ఖాతాలోకి సొమ్ము రావాలంటే మీరు చేయవలసిన పని ఏదీ లేదు. రహస్య అంకె అయిన పిన్ను నొక్కనక్కరలేదు, ఓటీపీ చెప్పనక్కరలేదు, గళ్ళ చతురస్రాన్ని, అంటే క్యూఆర్ కోడును, స్కాన్ చేయనక్కరలేదు, వేలు పెట్టనక్కరలేదు. ఫెడరేషను నుంచో సంఘం నుంచో పాల బిల్లు పడుతున్నప్పుడు మీరు పొలంలో గడ్డి కోసుకుంటూ ఉంటారు, ఫోను ఇంట్లో ఉంటుంది, సొమ్ము దానంతటది పడుతుంది. పిన్ను, ఓటీపీ, వేలిముద్ర అనేవి ఖాతా నుంచి సొమ్ము బయటకు పోవడానికి మీరిచ్చే అనుమతి. ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే కింద చెప్పబోయే మోసాలలో ఎక్కువ భాగం గడప దాటి లోపలికి రావు.

బోనస్ పేరిట వచ్చే ఫోను

2024లో ఒక సంఘంలో జరిగిన సంగతి ఇది. ఏడాది చివర మిగులులో సభ్యులకు బోనస్ పంచుతారని అందరికీ తెలుసు. అదే రోజుల్లో ఒక సభ్యురాలికి ఫోను వచ్చింది. "అమ్మా, డెయిరీ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాము. మీ పేరున బోనస్ మంజూరైంది. మీ ఖాతా చివరి నాలుగు అంకెలు ఇవే కదా? కిందటి పక్షం మీరు పోసిన పాలు ఇన్ని లీటర్లే కదా?" అన్నాడు. అన్నీ సరిపోయాయి. ఆమె నమ్మింది. ఫోనులో ఒక అభ్యర్థన కనబడింది, దాని కింద పిన్ను కొట్టమన్నాడు, కొట్టింది. బోనస్ రాలేదు. గేదె అప్పు వాయిదా కోసం మూడు బిల్లుల నుంచి కూడబెట్టిన సొమ్ము పోయింది.

ఆమె ఖాతా వివరాలు, పాల లెక్క అతనికి ఎలా తెలిశాయి? మేము విచారించగా తేలింది ఏమంటే, కేంద్రంలో పని చేసే కుర్రవాడు సభ్యుల సౌకర్యం కోసమని పక్షం చెల్లింపు జాబితాను ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందులో పేరు, ఖాతా నంబరు, ఫోను నంబరు, లీటర్లు, మొత్తం అన్నీ ఉన్నాయి. ఆ ఫోటో ఎన్ని చేతులు మారిందో ఎవరికీ లెక్క లేదు. కుర్రవాడి ఉద్దేశంలో దోషం లేదు, కాని కాగితం ఒకసారి గోడ దాటితే తిరిగి రాదు. మన వివరాలు అప్పజెప్పినంత మాత్రాన అవతలివాడు మనవాడు కాడని సభ్యులు గ్రహించాలి. కార్యదర్శులు కూడా చెల్లింపు జాబితాలను గ్రూపులలో పెట్టే అలవాటు మానాలి. ఎవరి లెక్క వారి చీటీలో ఉంటే చాలు.

ఆ తర్వాత 2025 అక్టోబరు 1 నుంచి, ఒక వ్యక్తి మరొక వ్యక్తికి ఆ విధమైన సొమ్ము అభ్యర్థన పంపే సదుపాయాన్ని జాతీయ చెల్లింపుల సంస్థ నిలిపివేసింది. ఒక తలుపు మూసుకున్నది. మోసగాళ్ళు క్యూఆర్ కోడు, లింకు, ఏపీకే ఫైలు అనే మిగిలిన తలుపుల వైపు మళ్ళారు. ఏపీకే అంటే ఫోనులో కొత్త యాప్‌ను దించే ఫైలు. కిసాన్ సొమ్ము పేరుతోనో, బ్యాంకు కేవైసీ పేరుతోనో, బండి చలానా పేరుతోనో వాట్సాప్‌లో వస్తుంది. దానిని నొక్కి, అది అడిగిన అనుమతులన్నీ ఇస్తే, మీకు వచ్చే ఓటీపీలను వాడే చదువుకోగలడు. ఇక మిమ్మల్ని అడిగే పని కూడా ఉండదు. బ్యాంకు గాని, ప్రభుత్వం గాని, మన ఫెడరేషను గాని యాప్‌ను వాట్సాప్‌లో పంపదు. ఎవరు పంపినా, మేనల్లుడే పంపినా, తెరవకుండా తుడిచేయండి. మేనల్లుడి ఫోను అప్పటికే వాడి చేతిలో ఉండి ఉండవచ్చు.

ఫోను చేసినవాడు బ్యాంకువాడో కాదో తెలుసుకోవడానికి ఒక చిన్న గుర్తు ఉన్నది. బ్యాంకులు ఖాతాదారులకు చేసే సేవా సంబంధమైన కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో ఆదేశించింది. మామూలు పది అంకెల సెల్ నంబరు నుంచి "బ్యాంకు మేనేజరును" అంటూ వచ్చే ఫోనును పెట్టేయడంలో మర్యాద తప్పింది ఏమీ లేదు. నిజమైన మేనేజరు అయితే శాఖలోనే దొరుకుతాడు. మర్నాడు వెళ్ళి కలవవచ్చు.

నీళ్ళలో గేదె బేరం

గేదెను నీళ్ళలో పెట్టి బేరమాడినట్లు అని పెద్దలు ఊరికే అనలేదు. నీళ్ళలో ఉన్న గొడ్డుకు పొదుగు కనబడదు, కాలి కుంటి కనబడదు. ఫోనులో చూసి గొడ్డును కొనడం, అమ్మడం కూడా అటువంటిదే.

ముందు అమ్మకం సంగతి. గేదెను అమ్మకానికి పెట్టి, ఫోటో, ఫోను నంబరు ఫేస్‌బుక్‌లో వేసిన వారికి రెండో రోజే ఒక కొనుగోలుదారు ఫోను చేస్తాడు. తాను సైన్యంలో ఉన్నానంటాడు, గుర్తింపు కార్డు ఫోటో పంపుతాడు. గొడ్డును చూడడు, పొదుగు అడగడు, ఎన్నో ఈత అని అడగడు, చెప్పిన ధరకు ఒప్పుకుంటాడు. పాడి తెలిసిన మనిషి ఎవడైనా ఈత అడగకుండా గేదెను కొంటాడా? అనుమానించవలసింది అక్కడే. ఆ పైన "మిలిటరీ ఖాతా గనుక పద్ధతి వేరు" అంటూ ఒక క్యూఆర్ కోడు పంపి, స్కాన్ చేసి పిన్ను కొడితే అడ్వాన్సు పడుతుందంటాడు. నమ్మకం కుదరడానికి మొదట అయిదు రూపాయలు నిజంగానే పంపుతాడు. తర్వాతిది పదిహేను వేలు, అదీ అటు నుంచి ఇటు కాదు, ఇటు నుంచి అటు. టీ కొట్టులో మనం సొమ్ము ఇవ్వడానికే కదా క్యూఆర్ స్కాన్ చేస్తాము. కొట్టువాడు సొమ్ము తీసుకోవడానికి ఎప్పుడైనా స్కాన్ చేశాడా?

ఇక కొనుగోలు. ముర్రా జాతి పుట్టిల్లు హర్యానాలోని రోహ్‌తక్, జీంద్, హిసార్ ప్రాంతాలు. అక్కడి డెయిరీ ఫారం అంటూ వీడియో వస్తుంది. పూటకు ఎనిమిది తొమ్మిది లీటర్లు పితుకుతున్నట్లు చూపుతారు. లక్ష పైచిలుకు పలికే గేదె యాభై వేలకే అంటారు, ఇంటి దాకా లారీ వారిదే అంటారు. అడ్వాన్సు పది వేలు కట్టగానే లారీ బయలుదేరినట్లు ఒక ఫోటో వస్తుంది. దారిలో చెక్‌పోస్టు వద్ద ఆగిందంటూ ఏడు వేలు, గొడ్డుకు బీమా లేదని పట్టుకున్నారంటూ అయిదు వేలు, డ్రైవరు అలిగాడంటూ మరి మూడు వేలు. ప్రతిసారీ "ఇదొక్కటి కడితే సాయంత్రానికి మీ ఇంటి ముందు ఉంటుంది" అన్నదే మాట. అప్పటికే పాతిక వేలు పెట్టినవాడు ఇంకో మూడు వేల దగ్గర ఆగలేడు. ఆ బలహీనత మీదనే ఈ వ్యాపారం నడుస్తుంది. వీడియోలోని గేదె నిజమైనదే కావచ్చు, అది వారిది మాత్రం కాదు. దూరపు గొడ్డు కావాలంటే అయిదారుగురు సభ్యులు కలిసి, పశువైద్యుణ్ణి వెంట పెట్టుకొని స్వయంగా వెళ్ళి, రెండు పూటలు పిండించి చూసి తెచ్చుకోవడమే పద్ధతి. దారి ఖర్చు ఎక్కువనిపిస్తుంది, కాని పంచుకుంటే అంత ఉండదు.

బ్యాంకు మిత్ర వద్ద వేలు పెట్టేటప్పుడు

ఊళ్ళో బ్యాంకు శాఖ లేనిచోట బ్యాంకు మిత్ర వద్ద ఆధార్ నంబరు, వేలిముద్రతో సొమ్ము తీసుకునే సదుపాయం ముసలివారికి, ఆడవారికి ఎంతో మేలు చేసింది. దానికి కార్డు వద్దు, ఓటీపీ వద్దు. అందుకే జాగ్రత్తా ఎక్కువ కావాలి. సాధారణంగా జరిగేది ఇది. వేలు పెట్టిస్తారు, "సర్వరు లేదమ్మా, మళ్ళీ పెట్టు" అంటారు, మళ్ళీ పెట్టిస్తారు. రెండుసార్లూ సొమ్ము ఖాతా నుంచి పోతుంది, చేతికి ఒకసారిదే వస్తుంది. అందరు మిత్రలూ ఇటువంటివారని మేము అనడం లేదు. చాలామంది నిజాయితీపరులే. అయినా, మొదటి వేలిముద్ర చెల్లలేదని చెప్పినప్పుడు ఆ చెల్లనట్లు తెలిపే చీటీని అడిగి తీసుకున్నాకనే రెండోసారి వేలు పెట్టండి. చీటీ ఇచ్చే యంత్రం పాడైందంటే ఆ రోజుకు తిరిగి రండి. సొమ్ము తీసిన తర్వాత మిగిలిన నిల్వ ఎంతో చీటీ మీద చూపించమనండి. ఈ వేలిముద్ర యంత్రాలు నడిపేవారిని నియమించేటప్పుడు బ్యాంకులు పూర్తి విచారణ జరపాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశాలిచ్చి, 2026 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చింది.

వేలిముద్ర మన దగ్గర లేనప్పుడు కూడా దొంగిలించవచ్చు. భూమి రిజిస్ట్రేషను దస్తావేజుల మీది వేలిముద్రల నుంచి అచ్చులు తయారు చేసి, వాటితో సిమ్ కార్డులు నమోదు చేసిన ఉదంతం 2018లో తెలంగాణలోనే బయటపడింది. దీనికి విరుగుడుగా ఆధార్ సంస్థ వేలిముద్రలకు తాళం వేసే సదుపాయం ఇచ్చింది. ఆధార్ యాప్‌లో గాని, ఆధార్ వెబ్‌సైటులో గాని తాళం వేస్తే, తిరిగి తీసే దాకా మీ వేలిముద్ర ఎక్కడా చెల్లదు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, దానిని దాచి చెప్పడం సరి కాదు. తాళం వేసి ఉంటే రేషను దుకాణంలో కూడా వేలిముద్ర చెల్లదు. వెళ్ళే ముందు తాళం తీయాలి, వచ్చాక వేయాలి. ఇంట్లో ఫోను తెలిసిన పిల్లలుంటే ఇది మంచి పద్ధతి. లేనివారికి మాత్రం అదొక తలనొప్పి. వారు పాస్ పుస్తకాన్ని పక్షానికొకసారి నమోదు చేయించుకొని సరిచూసుకోవడమే మేలు.

సరిచూసుకోవడం అంటే కష్టమైన లెక్క కాదు. ఒక పక్షంలో 62 లీటర్లు పోశారనుకుందాము, లీటరుకు సగటున 58 రూపాయలు పడిందనుకుందాము. బిల్లు 3,596 రూపాయలు. దాణా బస్తాకు 1,150 మినహాయిస్తే ఖాతాలో పడవలసింది 2,446. చీటీలో ఈ అంకె, పాస్ పుస్తకంలో ఈ అంకె ఒకటిగా ఉన్నదా, ఆ తర్వాత మీరు తీయని సొమ్ము ఏదైనా పోయినట్లు ఉన్నదా, ఈ రెండే చూడవలసినవి.

ఖాతాకు ఎవరి నంబరు ఉన్నది?

మా తనిఖీలలో అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టే సంగతి ఇదే. ఖాతాలు ఒక్కసారిగా తెరిచిన రోజుల్లో, ఫోను లేని సభ్యులకు ఎవరి నంబరు దొరికితే వారిది రాసేశారు. కొందరికి కార్యదర్శి నంబరు, కొందరికి పక్కింటి అబ్బాయి నంబరు. పట్నంలో ఉద్యోగం చేసుకునే అల్లుడి పాత నంబరు ఉన్నవారూ ఉన్నారు. సొమ్ము పోయినప్పుడు వచ్చే సందేశం ఆ నంబరుకే పోతుంది. మనకు తెలియదు. అంతకంటే ప్రమాదం ఏమంటే, వాడకుండా వదిలేసిన నంబరును ఫోను కంపెనీ కొంతకాలం తర్వాత మరొకరికి ఇస్తుంది. అప్పుడు మీ ఖాతా సందేశాలు, ఓటీపీలు ఆ కొత్త మనిషికి అందుతాయి. అతడు మంచివాడైతే మీ అదృష్టం. ఏటీఎం కార్డును, పిన్నును కవరులో పెట్టి కార్యదర్శి బీరువాలో దాచే పద్ధతి కూడా ఇంకా కొన్ని సంఘాలలో ఉన్నది. సభ్యులు నమ్మి ఇచ్చారన్నది నిజమే. కాని ఏదైనా తేడా వస్తే ఆ నమ్మకమే కార్యదర్శి మెడకు చుట్టుకుంటుంది. కవర్లన్నీ సభ్యులకు తిరిగి ఇచ్చివేయాలి.

ఇంటి దగ్గర నెయ్యి, పాలు, గడ్డి మోపులు అమ్మేవారికి ఒక మాట. కొన్నవాడు తన ఫోను తెర మీద "చెల్లించబడింది" అని చూపితే సరిపోదు. అటువంటి బొమ్మను తయారు చేసే నకిలీ యాప్‌లు ఉన్నాయి. మీ ఫోనుకు సందేశం వచ్చిందా, మీ ఖాతాలో నిల్వ పెరిగిందా అన్నదే ప్రమాణం. గోడకు అంటించిన క్యూఆర్ కాగితం మీద ఇంకొకరు తమ కాగితం అతికించిపోయిన ఘటనలు కూడా ఉన్నాయి గనుక, రోజూ పొద్దున ఒకసారి గోటితో అంచు తడిమి చూడండి.

"పొరపాటున మీ ఖాతాకు నా సొమ్ము వచ్చింది, తిరిగి పంపండి" అని ఫోను వస్తే, ముందు నిజంగా వచ్చిందో లేదో చూడండి. చాలాసార్లు వచ్చేది బ్యాంకు సందేశంలా కనబడే ఉత్తుత్తి సందేశమే. నిజంగా వచ్చి ఉన్నా మీ చేత్తో తిరిగి పంపవద్దు. బ్యాంకుకు చెప్పండి, వారే వెనక్కు వేస్తారు. ఖాతాను అద్దెకిస్తే నెలకు ఇంత ఇస్తామని కుర్రవాళ్ళ చుట్టూ తిరిగేవారు కూడా ఉన్నారు. ఎక్కడో ఎవరినో మోసగించిన సొమ్ము మీ ఖాతా గుండా పోతే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. ఖాతాను స్తంభింపజేస్తే పాల బిల్లు కూడా అందులోనే చిక్కుకుంటుంది.

సొమ్ము పోతే

పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఇది దేశమంతటికీ ఒకటే నంబరు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో కూడా ఫిర్యాదు రాయవచ్చు. మోసగాడు సొమ్మును ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు తిప్పుతూ చివరకు నగదుగా తీసుకుంటాడు. అతడు తీసేలోగా ఫిర్యాదు చేరితే మధ్యలో ఉన్న బ్యాంకు ఆ సొమ్మును ఆపగలదు. అంటే ఇక్కడ లెక్క గంటలలోనే, రోజులలో కాదు. ఫోను చేసేటప్పుడు ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, సందేశంలో ఉన్న లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. ఆ పైన మీ బ్యాంకుకు కూడా తెలిపి, ఫిర్యాదు నంబరు రాయించుకోండి.

ఖాతాదారు ప్రమేయం లేకుండా బయటివారి వలన సొమ్ము పోయినప్పుడు, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాలలోగా తెలిపితే అతనిపై ఏ భారమూ ఉండరాదని రిజర్వు బ్యాంకు 2017లో నిబంధన చేసింది. అదే ఏడాది డిసెంబరులో సహకార బ్యాంకులకు కూడా దీనిని వర్తింపజేసింది. ఆలస్యమైన కొద్దీ ఖాతాదారు వాటా పెరుగుతుంది. తానే పిన్నో ఓటీపీయో ఇచ్చి ఉంటే అప్పటి దాకా పోయినది అతని నష్టమే. అయితే తెలియజేసిన తర్వాత పోయిన సొమ్ముకు బ్యాంకే బాధ్యత వహించాలని ఆ నిబంధనలలోనే ఉన్నది. కనుక తప్పు నాదే కదా అని ఊరుకోవడానికి ఎంతమాత్రం వీలు లేదు.

పైన చెప్పిన బోనస్ సభ్యురాలు తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. మగనికి తెలిస్తే ఏమంటాడో, వాడలో నలుగురూ నవ్వుతారేమో అని లోలోపల కుమిలిపోయింది. బిల్లు రోజున దాణా బాకీ కట్టలేక కేంద్రంలో కన్నీరు పెట్టుకున్నప్పుడు గాని సంగతి బయటపడలేదు. అప్పటికి ఆపడానికి ఏమీ మిగలలేదు. ఆమె తెలివితక్కువ మనిషి కాదు. వెన్న శాతం లెక్క కార్యదర్శి కంటే ముందు చెప్పగలదు. ఇంట్లోని మగవారికి మా మనవి ఏమంటే, సొమ్ము పోయిందని భార్యో తల్లో చెప్పినప్పుడు మొదట చేయవలసింది 1930కి ఫోను. ఎందుకు చేశావు, ఎలా చేశావు అన్న ప్రశ్నలు రేపు అడగవచ్చు.

సంఘాలు వెంటనే చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ధరల పట్టిక రాసే బోర్డు మీదనే 1930 అంకెను పెద్ద అక్షరాలతో రాయించాలి. దాణా సరఫరాదారు "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఇందులో వేయండి" అని సందేశం పంపితే, పాత బిల్లు మీద ఉన్న నంబరుకు స్వయంగా ఫోను చేసి అడిగి, పాలకవర్గ సమావేశంలో నమోదు చేసిన తర్వాతనే సొమ్ము వేయాలి. అధ్యక్షుని ఫోటో ఉన్న కొత్త వాట్సాప్ నంబరు నుంచి "అర్జంటుగా సొమ్ము పంపు" అని వచ్చినా అదే పద్ధతి. వచ్చే పక్షం బిల్లు పంపిణీ నాడు ప్రతి సభ్యుని ఖాతాకు ఏ ఫోను నంబరు ఉన్నదో కార్యదర్శులు అడిగి చూడాలి. తమ నంబరు కానివారు మార్పు కోసం బ్యాంకుకు వెళ్ళేటప్పుడు పాస్ పుస్తకం, ఆధార్ కార్డు, కొత్త నంబరు ఉన్న ఫోను మూడూ వెంట తీసుకువెళ్ళగలరు. ఫోను ఇంట్లో మరచి వెళితే ఓటీపీ కోసం మళ్ళీ రమ్మంటారు.